బ్రేకులో గాలి

“తొక్కు.”

“తొక్కా.”

“పట్టి ఉంచు,” అంది పెద్దామె, కారు కింద వెల్లకిలా పడుకుని, ఎడం వెనక చక్రం లోపలివైపున్న చిన్న మరను పానాతో పావు చుట్టు తిప్పుతూ. బ్రేక్ ఆయిల్ సన్నటి గొట్టంలోంచి పరుగెత్తి సీసాలోకి దూకింది, దానితోపాటే బుడగలూను, ముందు రెండు పెద్దవి, వాటి వెనక చిన్నవి గుంపుగా, బడి వదిలిన పిల్లల్లా. ఇంకా ఉన్నార్రా మీరు, అనుకుంది వాటితో, మధ్యాహ్నం నుంచీ సాగనంపుతూనే ఉన్నాను, ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తున్నారు? మర బిగించింది. “వదులు.” పైన పెడల్ టక్కుమని లేచింది. పని చూస్తే ఇంతే. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి, ఒకరు కింద పడుకుని మర తెరిచి పైపుల్లో చిక్కుకున్న గాలిని ఆయిల్‌తోపాటు బయటికి పంపాలి, కిందివాళ్ళు మర మూశాకే పైవాళ్ళు కాలు తీయాలి. ముందే తీస్తే వెళ్ళిన గాలి వెళ్ళినట్టే వెనక్కి వస్తుంది. గాలి ఉన్న బ్రేకు మెత్తగా నేలదాకా దిగిపోతుంది, ఎదుట గోడ ఉన్నా సరే బండి పోతూనే ఉంటుంది. అందుకని ఇది ఒక్కరు చేసే పని కాదు, పడనివాళ్ళు చేసే పని అసలే కాదు. మొగుడూపెళ్ళాలు చేస్తే విడాకుల దాకా పోతుందని పాత సామాన్ల కొట్టాయన అంటూ ఉంటాడు. వీళ్ళు మొగుడూపెళ్ళాలు కారు, తోడికోడళ్ళు. ఆ కొట్టాయన దాని గురించి ఏమీ అనలేదు, బహుశా అలాంటి జంటను ఆయన చూసి ఉండడు.

పైనున్నది చిన్నామె. నోరు మూతపడదని మామగారు ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టాడు, ఆయన పోయాక ఆ పేరుతో పిలిచే హక్కు ఎవరూ ఇవ్వకుండానే పెద్దామెకు వచ్చేసింది. కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర ఉద్యోగం, వారమంతా ఊరివాళ్ళ తిట్లు తియ్యటి గొంతుతో విని, ఆదివారం ఈ షెడ్డుకొచ్చి ఆ తిట్లన్నీ ఒక్కోటీ ఎవరు ఏ గొంతుతో తిట్టారో ఆ గొంతుతో తిట్టి వినిపించేది. వింటూ వింటూ తుప్పు గీకితే తుప్పు కూడా తొందరగా రాలేది. అలాంటి మనిషి ఇవాళ వచ్చినప్పటి నుంచీ తొక్కా అన్న మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. పైగా ఇస్త్రీ బట్టల్లో వచ్చింది. పనికి వేసుకునే పాత చొక్కా కొక్కేనికి అలాగే వేలాడుతోంది, దాని వైపు చూడనైనా లేదు. చూడదు మరి, మనసంతా కొత్త ఫ్లాటులో ఉంటే. ఏ గదికి ఏ పరదా అని లెక్కలేసుకుంటోందేమో. సాయంత్రం మరిది వస్తాడు, బ్రేకులు పట్టాయంటే కారు తోలుకుపోతాడు, ఈవిడ పక్కన కూర్చుని చెయ్యి ఊపుతుంది, సరి. పంపకాల్లో అనుకున్నదే కదా, ఇల్లు పెద్దవాడికి, ఊరికి అవతలి కొసన ఫ్లాటు చిన్నవాడికి, ఎప్పటికైనా నడిస్తే కారు కూడా చిన్నవాడికే. ఎప్పటికైనా అన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ చాలా రోజుల తర్వాత ఒకే జోకుకు కలిసి నవ్వారు. నవ్వండి నవ్వండి, అనుకుంది అప్పుడు పెద్దామె, నడిపించి చూపిస్తాం. అంత పంతం దేనికో తనకు. నడిస్తే ఏమవుతుందో ఆ పూట ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది.

“తొక్కు.”

“తొక్కా.”

మళ్ళీ బుడగలు. కారు మామగారిది, గుండ్రటి వీపు బండి, తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆయన పోయిన కొత్తలో కొడుకులిద్దరూ నాన్న గుర్తు, నాన్న గుర్తు అంటూ కళ్ళనీళ్ళ మీద షెడ్డు తెరిచి బండిని ముక్కముక్కలుగా ఊడదీశారు. ఊడదీయడం ఎంతసేపు! ఆ తర్వాత వాదన మొదలైంది, ఉన్న ఇంజనే బాగుచేయాలని పెద్దవాడు, కొత్తది పెట్టాలని చిన్నవాడు. ఆ వాదన ఇంజను దగ్గర ఆగితే బాగానే ఉండేది, చిన్నప్పుడు సైకిలు ఎవరు ఎక్కువ తొక్కారన్న దాకా పాకింది. ఎడమొహం పెడమొహం అయ్యారు, షెడ్డుకు గొళ్ళెం పడింది. ఒకనాడు బకెట్టు కోసం పెద్దామె వచ్చి చూస్తే గొళ్ళెం తీసే ఉంది. లోపల, సీట్లు లేని కారులో, ఉత్త స్ప్రింగుల చట్రం మీద కూర్చుని చిన్నామె ఒక్కతే టీ తాగుతోంది. మొహం చూస్తే ఏడ్చిన మొహం. అప్పటిదాకా ఇద్దరి మధ్యా మాటల్లేవని కాదు, ఉన్న మాటలన్నీ అత్తగారి చెవిన పడటానికి ఆడినవే, పెద్దకోడలికి శుభ్రం ఎక్కువని, చిన్నకోడలికి కలుపుగోలుతనం ఎక్కువని ఆవిడ పొద్దుటికొకసారి సాయంత్రానికొకసారి తూకం వేస్తుంటే, ముల్లు తనవైపు మొగ్గాలని ఇద్దరూ పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఏమైంది అని అడగాలి. అడిగే అలవాటు లేదు. కాలి దగ్గరున్న బోల్టు ఒకటి తీసి, “ఇది దేనిదో నీకేమైనా తెలుసా?” అంది. చిన్నామె ముక్కు ఎగబీల్చి, దాన్ని అటూ ఇటూ తిప్పి, “తలుపుదేమోనండీ,” అంది. అది తలుపుది కాదని తేలడానికి ఏడాది పట్టింది. ఏడాది పొడుగునా ఆ తలుపు మూసుకోలేదు.

అలా మొదలైంది. మొదట్లో అండీ, మీరూ అంటూ ఎంత మర్యాదో! జాకీ జారి బండి పక్కకు ఒరిగిన రోజున “అక్కా, తల తియ్యి” అని ఒక్క అరుపు అరిచింది, తల తీసింది కాబట్టి పెద్దామె ఇవాళ ఇంకా ఉంది, ఆ అరుపుతో మీరు పోయి నువ్వు వచ్చేసింది. ఒకరి ఉద్యోగం ఇంకొకరి చేతికి వచ్చింది. పెద్దామె చేసేది కట్టుడుపళ్ళు, దంతాల ల్యాబులో, సగం జీవితం ఊళ్ళో వాళ్ళ దవడల అచ్చుల మధ్యనే గడిచింది. పళ్ళు పెట్టి పంపే ప్లాస్టిక్ డబ్బాలు మిగిలినవన్నీ షెడ్డుకు తెచ్చింది, పై దవడ, కింది దవడ అని రాసి ఉన్న డబ్బాల్లో స్క్రూలూ వాషర్లూ. కార్బురేటర్ రంధ్రాల్లో మడ్డి తీసింది పళ్ళు గీకే కొక్కేలతో. స్టీరింగు చక్రం పగుళ్ళు పూడ్చింది పళ్ళు పోతపోసే పొడితో, రంగు కలవడానికి పళ్ళ రంగుల పలక పక్కన పెట్టి వెతికితే, ఏళ్ళ తరబడి సిగరెట్లు కాల్చినవాడి పంటి రంగు అచ్చంగా సరిపోయింది. డాష్‌బోర్డు మీద ఒక బొత్తాం దొరకలేదు, దాన్ని పోతపోసేనాటికి పంటి పొడి అయిపోయి చిగుళ్ళ పొడి మాత్రమే ఉంది, అందుకే వైపర్ బొత్తాం గులాబి రంగులో నిగనిగలాడుతూ ఉంటుంది. “వాన వస్తే చిగురు నొక్కాలన్నమాట,” అంది పిచ్చుక. వైర్లన్నీ పిచ్చుక పనే, కరెంటాఫీసులో ఫోను పట్టుకునేదానివి నీకు వైర్లేం తెలుసే అంటే, తిట్లు తినీ తినీ ఏది ఎందుకు కాలిపోతుందో నేర్చుకున్నా అక్కా అంది. వెనకసీటు మాత్రం ఇద్దరి ఘనకార్యం. స్ప్రింగుల చట్రం తలకిందులుగా పెట్టి, దాని మీద నెల రోజులు కూర్చుని తోలు కుట్టి, అంతా అయ్యాక మహారాణుల్లా వెళ్ళి కూర్చోబోతే ఇద్దరి తలలూ కప్పుకు కొట్టుకున్నాయి. నెత్తి పట్టుకుని ఎంత నవ్వారో, పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగింది. చెప్పబోతే మళ్ళీ నవ్వు. ఆవిడ మొహం గంటు పెట్టుకుని వెళ్ళిపోయింది.

“వదులు.” మర బిగించి, సీసా పక్కకు జరిపి, పెద్దామె మెడ కాస్త తిప్పుకుంది. ఒక చుట్టు అయింది, నాలుగు చక్రాలూ అయ్యాయి, పెడల్ ఇంకా మెత్తగానే ఉందంటే మళ్ళీ మొదటి చక్రానికి వచ్చారు. గాలి ఎక్కడో జొరబడుతోంది. ఎక్కడ? పైపులు వంచింది తను, కొసలు విప్పారదీసింది తను, అతుకులు బిగించింది తను. తన చేతి అతుకులోంచి గాలి పోదు. పోదా? వేళ్ళు మునుపటిలా లేవు, మొన్న ల్యాబులో ఒకాయన పై పళ్ళు కాస్త ఎడమకు వచ్చాయి, డాక్టరు ఏమీ అనకుండా వెనక్కి పంపాడు, అననందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఏ అతుకో విప్పి మళ్ళీ చేయాల్సి వస్తే ఇవాళ్టికి కాదు. ఇవాళ్టికి కాకపోతే మరిది ఉత్త చేతులతో వెనక్కి పోతాడు, వచ్చే ఆదివారం పిచ్చుక మళ్ళీ మూడు బస్సులు మారి వస్తుంది. ఆ తలంపు రాగానే గుండెలో చల్లగా అయింది. ఛీ, ఏమిటిది, సిగ్గు లేకపోతే సరి. ఇందాకటి నుంచీ అంతే, గొట్టంలో బుడగ కనబడిన ప్రతిసారీ నోరు విసుక్కుంటోంది, లోపల మాత్రం హాయిగా ఉంటోంది. ఎవరైనా వింటే ఏమనుకుంటారు? అటు ఆమెకేమో ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు పోదామా అని ఉంది, మొహం చూస్తే తెలియడం లేదూ, ఇటు తనేమో బుడగల్ని లెక్కపెట్టుకుని మురిసిపోతోంది. తనకు పిచ్చుక కావాలి. ఆ మాట ఇంత సూటిగా ఎప్పుడూ అనుకోలేదు, కారు కింద, మొహానికి జానెడు ఎత్తున ఇనుము పెట్టుకుని, ఇప్పుడు అనుకుంది. ఇంట్లో ఆయన మంచివాడే, పిల్ల ఫోను చేస్తూనే ఉంటుంది, ల్యాబులో వాళ్ళూ మంచివాళ్ళే, వాళ్ళందరూ ఉన్నా ఆదివారం మధ్యాహ్నం ఈ షెడ్డులో ఆ గొంతు వినబడకపోతే తన వారం తిరగదు. ఇక ముందు వినబడదు. అడగడానికి తనెవరు? తోబుట్టువు కాదు, చిన్ననాటి స్నేహితురాలు కాదు. ఇద్దరు అన్నదమ్ములను కట్టుకున్నందువల్ల ఒక కప్పు కిందికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, అంతే కదా, ఇప్పుడు ఆ కప్పు కూడా ఒకటి కాదు.

“తొక్కు.”

“తొక్కా.”

ఈసారి మెడ నొప్పికి తల ఇటు వాల్చడంతో సీసా కనబడలేదు, మర దగ్గర గొట్టం మొదలు కనబడింది. ఎప్పుడూ సీసాలోకే చూస్తుంది, బుడగలు అక్కడే తేలతాయి కాబట్టి. మర తెరిచింది. ఆయిల్ వచ్చింది, బుడగలు వచ్చాయి, గొట్టంలో సగం దూరం పోయాయి. పానా ఇటు తిప్పబోయింది. ఇంకా తిప్పలేదు, నోరు తెరవలేదు, వదులు అనలేదు. గొట్టంలో ఆయిల్ ఒక్కసారి ఆగి, వెనక్కి జారింది. బయటికి వెళ్తున్న బుడగలన్నీ బుద్ధిగా వెనక్కి తిరిగి మరలోంచి లోపలికి పోయాయి.

పెద్దామె అలవాటు కొద్దీ మర బిగించి, “వదులు” అంది. పైన పెడల్ టక్కుమంది, అప్పుడే వదిలినట్టు, ఎంత బాగా నటించిందో. కాలు జారిందేమో. పిచ్చుక కాలా? క్లచ్ సరిచేసిన నెలంతా ఆ పెడళ్ళ మీదే బతికిన కాలు, తను వెంట్రుకవాసి అంటే వెంట్రుకవాసి ఆగే కాలు. జారలేదు. “తొక్కు” అంది మళ్ళీ, గొంతు మామూలుగానే ఉండేట్టు చూసుకుని. మర తెరిచి ఈసారి కావాలనే ఆలస్యం చేసింది, గొట్టం మీంచి కళ్ళు తీయలేదు. ఆయిల్ వెళ్ళింది, ఆగింది, నెమ్మదిగా, ఎంతో జాగ్రత్తగా, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చింది. కాలు కొద్దికొద్దిగా ఎత్తుతోంది. మధ్యాహ్నం నుంచీ. నాలుగు చక్రాలకీ.

అతుకుల్లో ఏమీ లేదు. తన చేతికి ఏమీ కాలేదు. పెద్దామెకు ముందు నవ్వొచ్చింది, నవ్వు గొంతు దాకా వచ్చి ఇంకేదో అయిపోయింది, కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి, వెల్లకిలా పడుకుని ఏడిస్తే అంతే మరి. ఓసి దొంగదానా. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, నోరు కుట్టేసుకుని, పోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుని ఇదా నువ్వు చేస్తున్నది. ఇలాగే పోనిద్దామా? ఏమీ చూడనట్టు ఇంకో నాలుగు చుట్లు తిరిగి, చీకటి పడ్డాక ఏమోనయ్యా ఎక్కడో లోపం ఉంది, వచ్చే వారం చూద్దాం అని మరిదికి చెప్పి పంపిస్తే ఎవరికి నష్టం? వచ్చే వారం, ఆపై వారం. ఒక్క నిమిషం ఆ రోజులన్నీ కళ్ళ ముందు వరసగా కనబడ్డాయి, ఎంత బాగున్నాయో. కానీ మరిది తొందరమనిషి, పెడల్ కాస్త మెత్తగా ఉంటే ఏమైంది, మెల్లగా పోతాలే అనగలడు. ఆ పక్కసీట్లో కూర్చునేది ఎవరు? ఇందులో గాలి ఉండకూడదు. ఒక్క బుడగ కూడా ఉండకూడదు. అందుకు తను నోరు విప్పాలి, తను ఎన్నడూ చేయని పని అది.

“పిచ్చుకా.”

“ఊఁ.”

“కాలు ముందే తీస్తున్నావు.”

వీధిలో ఎవరో మోటారుసైకిలు స్టార్ట్ చేసి, అది అందుకోక, మళ్ళీ తన్ని, వెళ్ళిపోయారు.

“తెలుసక్కా,” అంది చిన్నామె చివరికి.

“ఎందుకే?”

“ఎందుకంటే ఏం చెప్పను. బ్రేకులు పడితే సాయంత్రం ఆయనొచ్చి తీసుకుపోతారు. ఆ తర్వాత నేను ఇక్కడికి ఏ వంక పెట్టుకుని రావాలి? ఏం పనుందని వెళ్తున్నావంటే ఏం చెప్పాలి?” గొంతు సన్నబడింది. “నువ్వేమో మధ్యాహ్నం నుంచీ ఒకటే తొందర, తొక్కు, వదులు, తొక్కు, వదులు. ఎప్పుడు వదిలించుకుందామా అన్నట్టు. చెబితే నవ్వుతావని చెప్పలేదు.”

తొందరా? తనకా? మనిషి మొహం కనబడకపోవడం కూడా ఒకందుకు మంచిదే, ఎదురుగా కూర్చుని ఉంటే ఈ మాటలు ఆమె ఆడేదీ కాదు, తను వినేదీ కాదు, ఇద్దరూ లేచి చేతులు కడుక్కునేవాళ్ళు.

“వంకెందుకు,” అంది. “ఊరికే రా.”

“ఊరికే వచ్చి ఏం చేస్తాం?”

ఇది అసలైన ప్రశ్న. ఏం చేస్తారు? ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒక్కసారైనా ఒట్టి చేతులతో కూర్చోలేదు. టీ తాగినా గేర్‌బాక్సు వైపు చూస్తూ తాగారు, పిచ్చుక తల్లి పోయినప్పుడు కూడా ఇద్దరూ కలిసి హారను విప్పి మళ్ళీ బిగించారు తప్ప ఆ మాట ఎత్తలేదు.

“నాకూ తెలీదే,” అంది పెద్దామె. “కూర్చుని చూద్దాం. నువ్వు మాట్లాడితే నేను వింటా. నువ్వు లేకపోతే నాకు తోచదు.”

పైన ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “ఆ మాట కారు కిందనుంచి చెప్తున్నావా?”

“మరెక్కణ్ణుంచి చెప్పమంటావు, అలవాటు లేనిదాన్ని. ముందు ఇది కానీ. నేను వదలమనేదాకా కాలు తీస్తే మాత్రం ఊరుకోను. ఇందులో కూర్చుని పోయేది నువ్వు.”

“తియ్యను.”

“తొక్కు.”

“తొక్కా.”

తీయలేదు. ఈ చుట్టుకు ఇందాకటిలా సగం మధ్యాహ్నం పట్టలేదు. బుడగలు పలచబడ్డాయి, ఒకటీ అరా అయ్యాయి, ఆగిపోయాయి. ముందు కుడి చక్రం దగ్గర ఆయిల్ తేనెరంగులో, ఎక్కడా తెగకుండా సీసాలోకి వచ్చింది. “రాయిలా ఉంది అక్కా,” అంది చిన్నామె, పెడల్ మీద బరువంతా మోపి. పెద్దామె మర మీద మూత పెట్టి, పానాను పై దవడ డబ్బాలో పడేసి, పక్కకు దొర్లి, మోకాళ్ళను తిట్టుకుంటూ లేచింది. గుడ్డతో చేతులు తుడుచుకుంది. ఇప్పుడు ఏం చేయాలి? చేయాల్సిందేమీ లేదు. అటువైపు తిరిగి వెళ్ళి, ఆ పక్కసీటు తలుపు తెరిచి, చిన్నామె పక్కన కూర్చుంది.

ఇద్దరూ అద్దంలోంచి ఎదుటి గోడను చూశారు. పెద్దామె చేతులు దేన్నో వెతుకుతున్నాయి, బొత్తాం బిగువు చూడబోతే చిన్నామె ఆ చేతిని పట్టుకుని తెచ్చి ఆమె ఒళ్ళోనే పెట్టింది. అక్కడ పెట్టుకోమన్నట్టు ఒకసారి తట్టింది. కాసేపు ఇబ్బందిగానే ఉంది. తర్వాత చిన్నామె గొంతు సవరించుకుని, మొన్న ఫోనులో ఒకాయన తన ఇంట్లో కరెంటు పోతే ఎదురింట్లో కూడా తీసేయమని గంటసేపు బతిమాలాడని మొదలుపెట్టింది, ఆయన గొంతుతోనే. గేటు తెరిచిన చప్పుడైంది, మరిది వచ్చాడు, “అయిందా?” అని కేకేశాడు. పెద్దామె అతనికి కాస్త ఆగమని చెయ్యి చూపించి, “ఊఁ, తర్వాత?” అంది.